ఖాళీగా వున్న పిల్ల

మా యింట్లో ఒక మాట పలకరాదని యీ మధ్య కట్టడి చేసుకున్నాము. అది బూతు మాట కాదు, అశుభపు మాటా కాదు. రోజుకు పదిసార్లు యెవరి నోటనైనా దొర్లే మాటే: ‘ఖాళీ’. గ్లాసు ఖాళీ అనవచ్చు. బస్సులో సీటు ఖాళీ అనవచ్చు. నెలాఖరున మా జేబు ఖాళీ అని యెన్నిసార్లయినా అనుకోవచ్చు. మనిషిని చూపించి మాత్రం ‘ఖాళీగా వుంది’ అనకూడదు. అన్నవారు దేవుడి గూటి పక్కనున్న డబ్బాలో 10 రూపాయలు వెయ్యాలి. యిప్పటికి ఆ డబ్బాలో 140 రూపాయలు పోగయినవి. అందులో 110 మావే. యీ శాసనం మా యింటికి యెలా వచ్చిందో చెప్పడానికే యీ నాలుగు మాటలు.

మేము మా తాతగారి నాటి నుంచీ రాయపురంలో కాపురమున్నవాళ్ళము. మా వీధికి గడియారంతో పనిలేదు. తెల్లవారుజామున కాశిమేడు రేవు నుంచి చేపల బండ్లు బయలుదేరితే నాలుగు దాటినట్లు లెక్క. చర్చి గంట, దాని వెనుక కల్మండపం బజారుకు కూరగాయలు దింపే బండ్ల రొద, ఆ తరువాత యెలక్ట్రిక్ రైలు కూత. మా రాయపురం స్టేషను సామాన్యమైనది కాదు. దక్షిణదేశంలో మొట్టమొదటి ప్రయాణీకుల రైలు 1856 జూలై 1న యిక్కడి నుంచే వాలాజా రోడ్డుకు బయలుదేరింది. నేడు ఆ స్తంభాల భవనం ముందు నిలబడితే సబర్బన్ బండి కోసం పరుగెత్తేవాళ్ళే కనపడతారు గాని తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. పాతదైపోయిన గొప్పతనానికి యెక్కడయినా అదే మర్యాద.

యిక మా అమ్మాయి సంగతి. 2001లో పుట్టింది. బి.కాం. ప్యాసయింది. బ్రాడ్వేలో ఒక లెక్కల ఆఫీసులో పదిహేను నెలలు పనిచేసింది. ఆ ఆఫీసువారు మనుషులను తగ్గించుకున్నప్పుడు ఆఖరున చేరినవాళ్ళను ముందు పంపించారు. అప్పటి నుంచి యింట్లో వుండి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నది. యీ ‘యింట్లో వుండి’ అన్నదే కష్టానికంతటికీ మూలం.

తాను యేమి చేస్తున్నదో మాకు బాగా తెలుసుననే అనుకునేవాళ్ళము. పొద్దున లేచి వాకిట ముగ్గు. తల్లికి కూరలు తరిగియివ్వడం. నీళ్ళు వచ్చే వేళ మోటారు వేసి పైతొట్టి నింపడం. మా రక్తపోటు మాత్రలు, వాళ్ళమ్మ చక్కెర పరీక్ష, గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, యెదురింటి ముసలమ్మగారి పింఛను కోసం ఫోనులో వచ్చే నంబరు చూసి చెప్పడం. మధ్యలో పుస్తకం. సాయంత్రం మిద్దెమీద కూర్చుని లేసు అల్లిక. యింత చేస్తున్నా, చుట్టాలు అడిగితే మా నోట వచ్చే జవాబు ఒక్కటే: “ప్రస్తుతం ఖాళీగానే వుంది.”

ఆ అల్లిక ఆమెకు మా అమ్మ యిచ్చిన ఆస్తి. మా అమ్మ పుట్టిల్లు నరసాపురం. గోదావరి జిల్లాల ఆడపడుచులకు నరసాపురం లేసు అంటే వేరే చెప్పనక్కరలేదు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆ ప్రాంతానికి వచ్చిన క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలు అక్కడి ఆడవాళ్ళకు యీ పని నేర్పారు. తరువాత అది కులమతాల గోడలు దాటి యింటింటి అరుగు మీదికీ యెక్కింది. ఒక కొక్కెం సూది, ఒక దారపు వుండ. యింతకు మించి పెట్టుబడి లేదు. ఒకరు పువ్వులు అల్లుతారు, మరొకరు వాటిని కలిపి గుడ్డగా కూరుస్తారు. రెండవదానిని అతుకుపని అంటారు. ఆ గుడ్డలు ఓడలెక్కి సీమదేశాల బల్లల మీద పరచుకుంటాయి. అల్లిన మనిషి మాత్రం నరసాపురం దాటదు.

మా అమ్మ దాటింది. 1961లో పెళ్ళయి, పెట్టెలో నాలుగు సూదులు పెట్టుకొని యీ సముద్రపు వూరికి వచ్చింది. రాయపురపు వుప్పుగాలికి వుక్కుసూది నెలలో తుప్పు పడుతుందని మొదటి యేడే తెలుసుకుంది. కొబ్బరినూనె తుడిచిన గుడ్డలో సూదులు చుట్టిపెట్టడం, పనికి కూర్చునే ముందు పౌడరుతో జిడ్డు పోయేలా తుడవడం, యిదంతా ఆవిడ కనిపెట్టిన విద్య. అల్లిక మాసితే సబ్బునురుగులో నానబెట్టి నలపకుండా పిండాలి. పలచని గంజి పెట్టి, చెక్కమీద గుండుసూదులతో నాలుగువైపులా లాగి గుచ్చి, నీడన ఆరనివ్వాలి. యిస్త్రీ తగలనివ్వరాదు. యీ విధులన్నీ మా అమ్మాయికి కంఠతా వచ్చు.

యిందులో మరొక విశేషం వున్నది. తమిళ భాష నేర్చుకోవాలనే చట్టం యీ రాష్ట్రంలో 2006లో వచ్చింది. ఆ విద్యాసంవత్సరంలో ఒకటో తరగతితో అమలు మొదలయి యేటా ఒక తరగతి చొప్పున పైకి యెక్కింది. మా అమ్మాయి సరిగ్గా ఆ యేడే ఒకటో తరగతిలో చేరింది. చట్టమూ ఆమే చేయి చేయి పట్టుకొని పదో తరగతి దాకా నడిచారు. తమిళం చక్కగా వచ్చింది, సంతోషమే. యే వూరి నీళ్ళు తాగుతామో ఆ వూరి మాట రావలసిందే. తెలుగు మాత్రం బళ్ళో అందలేదు. యింట్లో మాట్లాడుతుంది గాని పత్రిక చేతికిస్తే కూడబలుక్కుంటుంది. అయితే లెక్క పెట్టడం మాత్రం తెలుగులోనే. యెందుకంటే యేడేళ్ళ వయసులో నాయనమ్మ పక్కన కూర్చుని “ఒకటి, రెండు, మూడు… పన్నెండు గొలుసులు, తిరుగు, మూడు వదులు” అంటూ నేర్చుకున్నది. డబ్బు లెక్క యింగ్లీషులో, బస్సు నంబరు తమిళంలో, కుట్ల లెక్క తెలుగులో. మా పత్రిక చదివే యిళ్ళలో యిలాంటి పిల్లలు యెందరో వుంటారు. వాళ్ళ నాలుకమీద తెలుగు యే పని పట్టుకొని నిలిచివుందో ఒకసారి గమనించండి.

యింటిలో మరి యిద్దరు సభ్యులు వున్నారు. 2023 డిసెంబరు 3, 4 తేదీలలో మిగ్‌జాం తుపాను చెన్నైని ముంచింది. మర్నాడు అది బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, మా యింటికి ఒక గుర్తు వదలి వెళ్ళింది. వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచిన రాత్రి మా మెట్లమీద గుప్పెడంత పిల్లిపిల్ల వణుకుతూ కనపడింది. ఒళ్ళంతా తెలుపు, నుదుట నల్లచుక్క. అందుకని చుక్కమ్మ అని పేరు. శాకాహారపు యింట్లో పిల్లి యేమిటని మా శ్రీమతి నాలుగు రోజులు గొడవ పెట్టింది. అయిదో రోజున పెరుగన్నం తానే కలిపి పెట్టింది. చుక్కమ్మ పెరుగన్నం మర్యాదకు తిని, అసలు భోజనానికి చేపలబండి దగ్గరికి వెళ్ళి వస్తుంది. వచ్చాక మా దిండుమీదే పడుకుంటుంది. ఆచారం యెవరిది వారిదే.

రెండవవాడు వీధి కుక్క. పేరు జమీందారు. వీధి మొగలో కాళ్ళు చాపుకొని పడుకొని, వచ్చేపోయే ఆటోలను యెగాదిగా చూస్తాడు. చెవి కొన కొంచెం కత్తిరించి వుంటుంది. అదేమి లోపమో అనుకున్నాము. మా అమ్మాయే చెప్పింది: వీధి కుక్కలకు పిల్లలు కలగకుండా ఆపరేషను చేసి, రేబీస్ టీకా వేసి, తిరిగి పట్టుకున్న చోటే వదలుతారట, అలా చేసినదానికి గుర్తుగా చెవి కొన కత్తిరిస్తారట. 2023లో కేంద్రప్రభుత్వం తెచ్చిన నియమాలలోనూ కుక్కను దాని చోటనే వదలాలని వున్నదట. మా వీధిపిల్లలు రాయి విసరబోయినప్పుడు యీ పాఠం చెప్పేదీ ఆమే. కరిచినా గీరినా ముందు పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలని, పసుపూ కారమూ పెట్టి కూర్చోరాదని పెద్దలకు కూడా చెబుతుంది. యిదీ ఆమె ‘ఖాళీ’ సమయంలో చేసే పనే.

అల్లికకూ పిల్లికీ పడదని వేరే చెప్పాలా? ఒకనాడు చుక్కమ్మ దారపు వుండతో ఆడి ఆడి, మూరెడు దారం మింగింది. కొస నోట వేలాడుతున్నది. మేము లాగబోయాము. మా అమ్మాయి మా చెయ్యి పట్టుకొని ఆపి, “లాగవద్దు నాన్నా, లోపల పేగు కోసుకుపోతుంది” అని, బుట్టలో పెట్టుకొని ఆటోలో వేపేరి పశువైద్య కళాశాల ఆస్పత్రికి పరుగెత్తింది. అక్కడి డాక్టరమ్మ కూడా అదే మాట అన్నది. మింగిన దారం పేగులో చిక్కుకుంటే పేగు కుచ్చిళ్ళలా ముడుచుకుపోతుందట, ప్రాణానికే ముప్పట. అదృష్టం బాగుండి ఆ దారం గొంతు దాటలేదు, తీసేశారు. ఆనాటి నుంచి మా యింట్లో దారపు వుండలన్నీ మూత వున్న స్టీలు డబ్బాలోనే. పిల్లులను పెంచేవాళ్ళు యీ సంగతి గుర్తుంచుకోవాలి.

యింతవరకూ వినోదమే. యిక వినోదం కాని భాగానికి వస్తున్నాము.

బ్యాంకు పరీక్షలో తప్పు జవాబుకు పావు మార్కు కోస్తారు. మా అమ్మాయి ఒకసారి ఒకటిన్నర మార్కు తేడాతో ఆగిపోయింది. ఆ మధ్యనే ఒక సంబంధం వచ్చింది. వచ్చినవాళ్ళు కాఫీ తాగి, పిల్లి వంక చూసి, “యిది కూడా వెంట వస్తుందా?” అని నవ్వారు. “అమ్మాయి యేం చేస్తూ వుంటుంది?” అని అడిగారు. మేము అలవాటు ప్రకారం “ఖాళీగానే వుందండీ” అన్నాము. లోపలి గదిలో నుంచి సూది కిందపడిన చప్పుడు వినిపించింది. మేము పట్టించుకోలేదు.

ఆ పిమ్మట దూరపు వరుసకు మాకు అక్కగారు అయ్యే ఒకావిడ వచ్చారు. వాళ్ళింట్లో పెళ్ళి. “అమ్మడూ, వియ్యపురాలికి పెట్టడానికి బల్లమీద పరిచే లేసుగుడ్డ ఒకటి అల్లిపెట్టవే. నీకేమి, ఖాళీగా వున్నావు గదా” అన్నారు. మా అమ్మాయి మా వంక చూసింది. మేము “దానికేం భాగ్యం అక్కయ్యా, అల్లుతుంది” అని మాట యిచ్చేశాము. ఆమె తరఫున మాట యివ్వడానికి మాకు హక్కు వున్నదో లేదో ఆనాడు తోచలేదు.

దారం ఆమెదే. నలభై నంబరు సన్నదారం. నంబరు పెరిగిన కొద్దీ దారం సన్నమవుతుంది, పని రెట్టింపవుతుంది. నలభైరెండు పువ్వులు, వాటి అతుకుపని, చుట్టూ కొలకలు. రెండు నెలలు పట్టింది. కళ్ళు యెర్రబడేవి. పెళ్ళినాడు ఆ గుడ్డ చూసి అందరూ మెచ్చుకున్నారు. అక్కగారు మా అమ్మాయికి ఒక రవికెగుడ్డ, తాంబూలం యిచ్చి, పక్కవారితో “చేతిపనే గదా, ఖర్చేమున్నది, దారం ఖర్చే” అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆవిడను తప్పు పట్టడం లేదు. మేము కూడా పక్కనే నిలబడి తల వూపాము.

ఆ రాత్రి మా అమ్మాయి సూదులన్నీ నూనెగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, డబ్బా అటకమీద పెట్టేసింది. యేడవలేదు, కేకలు వెయ్యలేదు. “యిక అల్లను నాన్నా” అన్నది, అంతే. వారం గడిచింది. సాయంత్రాలు మిద్దెమీద కూర్చుని వీధి వంక చూసేది. చుక్కమ్మ ఒళ్ళో వెతుక్కొని, దారం లేకపోతే తోచక, దిగి వెళ్ళిపోయేది. యిల్లంతా యేదో ఆగిపోయినట్లు వుండేది. చదువుకు యెక్కువ సమయం దొరుకుతుందిలే అని మేము మొదట లోలోపల సంతోషించాము కూడా. అదీ చెప్పుకోవాలి.

తరువాత ఒకనాడు కరెంటు బిల్లు కోసం ఆమె నోటుపుస్తకం తిరగవేస్తే ఒక పుటలో గీతలు కనపడ్డాయి. నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి. అలా వరుసలు వరుసలుగా. మేము యెన్నో యేళ్ళు లెక్కలు వ్రాసి బతికినవాళ్ళము గనుక చెయ్యి వూరుకోలేదు, కూడాము. 146 వచ్చింది. యేమిటని అడిగాము.

“ఆ గుడ్డకు పట్టిన గంటలు” అన్నది.

గంటకు 50 రూపాయలు కట్టినా 7,300. ఆ అంకె కాగితం మీద వేసి మేము మాట్లాడలేకపోయాము. మా వుద్యోగకాలంలో పై అధికారి మా చేత ఒక్క ఆదివారం పని చేయించుకుంటే నెల రోజులు గొణిగేవాళ్ళము.

అప్పుడు మా అమ్మాయి మెల్లగా యింకొక మాట చెప్పింది. మరియా మీస్ అనే జర్మను సామాజికశాస్త్రవేత్త నరసాపురం వచ్చి, లేసు అల్లే ఆడవాళ్ళ బతుకులు పరిశీలించి 1982లో ఒక పుస్తకం వేసిందట. వాళ్ళు వండి, వార్చి, పిల్లలను చూసుకొని, ఆపైన గంటలకొద్దీ లేసు అల్లితే, యింట్లో మగవాళ్ళూ వర్తకులూ అది తీరిక వేళ కాలక్షేపం అనుకున్నారని అందులో వున్నదట. వాళ్ళు యిల్లాళ్ళు అనే ఒక్క పేరుతో కూలి కూలిగా లెక్కకు రాకుండా పోయింది. యీ దేశంలో 2019లో ప్రభుత్వమే జనం కాలాన్ని లెక్క కట్టినప్పుడు కూడా, జీతం లేని యింటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారని, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. “నువ్వు ఆ 97 కూడా పెట్టవు నాన్నా” అని నవ్వింది. ఆ మాట నిజమే గనుక మేమూ నవ్వాము.

నవ్వు ఆగాక అడిగింది: “నీ కాలేజీ ఫీజు యెవరు కట్టారో తెలుసా?”

“మా నాన్నగారు.”

“సగం. మిగతా సగం నాయనమ్మ లేసు. నాకు చెప్పింది.”

మాకు ఒక్కసారి ఆ గది కళ్ళముందు కట్టింది. 1980లలో మా యింట్లో ముందుగదిలో ఒకే బల్బు. దాని కింద మేము పుస్తకం పెట్టుకొని కూర్చుంటే, యెదురుగా మా అమ్మ గోడకు చేరగిలబడి రాత్రి పదకొండు దాకా అల్లుతూ వుండేది. పుట్టింటివారి వైపు నుంచి దారం వచ్చేది, అల్లిన పువ్వులు మూటకట్టి తిరిగి వెళ్ళేవి. మాకు తోడుగా మేలుకొని కూర్చున్నదని యిన్నాళ్ళూ అనుకున్నాము. పది మందికీ అలానే చెప్పాము. “మా అమ్మకు అల్లిక అంటే సరదా” అని కూడా చెప్పాము. ఆ సరదా మమ్మల్ని బి.కాం. చదివించింది. ఆవిడ పోయి ఆరేళ్ళయిన తరువాత, ఆవిడ మనమరాలి నోట మాకు యీ రశీదు అందింది. దానికి బదులు చెల్లించే చిరునామా యిప్పుడు లేదు.

మర్నాడు పొద్దున మా యింటి జమాఖర్చుల పుస్తకంలో మేము ఒక కొత్త పద్దు తెరిచాము. అమ్మాయి పేరు వ్రాసి, జమ వైపు 146 గంటలు, రూ. 7,300 వేశాము. మా పింఛనులో నుంచి ఆ మొత్తం తీసి ఆమె చేతికి యిచ్చాము. పుచ్చుకోనన్నది. “యిది బహుమానం కాదు, మాట యిచ్చింది మేము గనుక బాకీ మాది” అన్నాము. అప్పుడు పుచ్చుకున్నది. వాళ్ళమ్మ వెళ్ళి అటకమీది డబ్బా దించి, తుడిచి, మాట్లాడకుండా మిద్దెమీద పెట్టి వచ్చింది.

కథలో మాదిరిగా అన్నీ చక్కబడిపోలేదు. పరీక్ష మళ్ళీ వ్రాయాలి. సంబంధాలు వస్తూనే వున్నాయి. యెవరైనా అల్లిపెట్టమంటే మా అమ్మాయి యిప్పుడు గంటల లెక్క చెబుతుంది. కొందరు ముఖం ముడుచుకుంటారు, కొందరు “సరేనమ్మా” అంటారు. అక్కగారికి కూడా ఒకనాడు మేమే వెళ్ళి ఆ 146 గంటల సంగతి చెప్పాము. ఆవిడ కాసేపు వూరుకొని, “మా అమ్మ కుట్టిన కంబళ్ళు యెన్నో, యెవరం లెక్కపెట్టాం తమ్ముడూ” అన్నారు. మొన్న వాళ్ళ మనమరాలిని మా యింటికి పంపించారు, అల్లిక నేర్పమని, నెలకు యింత అని ముందే అడిగి.

యిప్పుడు శనివారం సాయంత్రాలు మా మిద్దెమీద నలుగురు ఆడపిల్లలు కూర్చుంటారు. ఇద్దరు తెలుగు పిల్లలు, ఇద్దరు తమిళ పిల్లలు. బళ్ళో తెలుగు అక్షరం చూడనివాళ్ళే అందరూ. కింద వీధిలో జమీందారు కాపలా. స్టీలు డబ్బా మూత యెప్పుడు తెరుస్తారా అని చుక్కమ్మ కనిపెట్టుకొని వుంటుంది. మేము కింద కూర్చుని కూరలు తరుగుతూ వుంటాము. 97 నిమిషాలలో యింకా యాభైయేడు దగ్గరే వున్నాము. పై నుంచి నలుగురి గొంతులూ కలిసి వినిపిస్తాయి: “ఒకటి, రెండు, మూడు… పన్నెండు గొలుసులు, తిరుగు, మూడు వదులు.”